దరఖాస్తు ఏమైందని అడగడం ఎలా?

ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాక దాని సంగతి కనుక్కోవడంలో సర్కారీ కొలువు దారి వేరు, ప్రైవేటు దారి వేరు. ప్రభుత్వ నియామకాల్లో ఫోన్లు, ఉత్తరాలు పనికిరావు. ఏ రూపంలో సిఫార్సు చేయించినా అనర్హులవుతారన్న షరతు చాలా నోటిఫికేషన్లలోనే ఉంటుంది. అడగక తప్పదనుకున్నవారికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. కేంద్ర సంస్థకైతే 10 రూపాయల రుసుముతో అర్జీ పెట్టుకోవచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రైవేటు కంపెనీలకు ఇలాంటి కట్టుబాటు లేదు. కాబట్టి అక్కడ జవాబు రాబట్టుకోవడం అడిగేవాళ్ల నేర్పు.

కంపెనీ నుంచి కబురు లేదంటే కాదన్నట్టే అనుకోనక్కర్లేదు. నౌకరీ, లింక్డిన్ లాంటి చోట్ల వచ్చిపడే రెజ్యూమెలను ముందు సాఫ్ట్‌వేర్ సాయంతో వడపోసి, మిగిలినవాటిని టీమ్ మేనేజర్‌కు పంపుతారు. ఆయన చూడకపోయినా, ఆ పోస్టుకు బడ్జెట్ ఆగినా, లోపలివారినే ఆ సీట్లోకి మార్చినా హెచ్‌ఆర్ దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు. చెప్పగలిగినప్పుడు కూడా చెప్పని కంపెనీలు ఉన్నాయనుకోండి, అది వేరే సంగతి.

ప్రకటనలో గడువు తేదీ ఉంటే అది దాటాక వారం ఆగి రాయాలి. గడువు లేకపోతే దరఖాస్తు పంపిన పది రోజులకు రాయవచ్చు. ఇంటర్వ్యూ అయితే మర్నాటికల్లా కృతజ్ఞతలు చెప్పి, ఫలితం ఎప్పుడు చెబుతామన్నారో ఆ రోజు దాటిన తర్వాతే మళ్లీ కదిలించాలి.

అసలు కిటుకు ఉత్తరంలో ఉంది. ‘నా అప్లికేషన్ సంగతి ఏమైంది సార్’ అని మాత్రమే రాస్తే హెచ్‌ఆర్‌వాళ్లు పేరు, పోస్టు వెతుక్కోవాలి. అంత తీరిక వాళ్లకు ఉండదు. పాత మెయిల్‌కే జవాబుగా రాసి, పోస్టు పేరు, జాబ్ ఐడీ, పంపిన తేదీ, ఫోన్ నంబరు మొదటి రెండు వాక్యాల్లో పెట్టాలి. ‘రెస్పెక్టెడ్ సర్’ అనే ముందు అవతలివారి పేరు చూసుకోవడం మంచిది. చాలాసార్లు అక్కడ ఉండేది మేడం. అన్నిటికన్నా ముఖ్యం, ఏదైనా కొత్త సమాచారం చేర్చడం. ‘గత నెల 12న జావా డెవలపర్ పోస్టుకు దరఖాస్తు పంపాను. ఇప్పుడు రాజీనామా ఇచ్చాను, వచ్చే నెలాఖరుకు రిలీవ్ అవుతాను. ఎంపిక ఇంకా సాగుతోందా?’ అన్న మూడు వాక్యాలకు జాబ్ ఐడీ, ఫోన్ నంబరు జతచేస్తే చాలు. 90 రోజుల నోటీస్ పీరియడ్ మామూలైపోయిన ఐటీ రంగంలో, త్వరగా చేరగలరన్న ఒక్క మాటకే పక్కన పెట్టిన రెజ్యూమె మళ్లీ పైకి రావచ్చు. ఇంట్లో ఇబ్బందులు, అప్పులు ఏకరువు పెడితే మాత్రం చదివేవారికి జాలి కలగవచ్చేమో గానీ పోస్టు రాదు.

ఫోన్ చేయాల్సివస్తే ఆఫీసు వేళల్లో, వాళ్లే నంబరు ఇచ్చి ఉంటే చేయాలి. వాట్సాప్‌లో రోజూ గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపడం గుర్తుచేయడం కాదు, జోరీగలా చెవిలో రొద పెట్టడమే. లోపల పనిచేసే స్నేహితుణ్ని స్థితి కనుక్కోమనవచ్చు, ఒత్తిడి తెమ్మనకూడదు. ఈ నిరీక్షణలోనే డబ్బు కడితే ఆఫర్ లెటర్ ఇప్పిస్తామనే ఫోన్లూ వస్తుంటాయి. అవి మోసాలే, ఫోన్ పెట్టేయాలి.

మొదటి ఉత్తరానికి జవాబు లేకపోతే వారం, పది రోజుల తర్వాత మరొకటి రాయవచ్చు. మూడోది వృథా, ఆ సమయాన్ని వేరే దరఖాస్తుకు ఖర్చుపెట్టడం మేలు.

ఇంత మర్యాద అభ్యర్థి నుంచే ఆశించడం న్యాయం కాదు. వందల దరఖాస్తులకు విడివిడిగా జవాబు రాయలేమనడం ఒప్పుకోవచ్చు. కానీ సెలవు పెట్టించి, ఊరు దాటించి ఇంటర్వ్యూకు రప్పించుకున్న మనిషికి ‘ఎంపిక కాలేదు’ అని చెప్పకపోవడం అమర్యాదే. ఆ ఒక్క వాక్యం అందరికీ ఒకేసారి పంపే వీలు వాళ్ల సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. కంపెనీలు దాన్ని వాడాలి.