వెనక పెట్టె లేని పోలీసు బళ్ళు

పోలీసు బళ్ళ బొమ్మలు పోగుచెయ్యడం ఏం పనయ్యా, అందులోనూ నలుగురికీ మందులిచ్చే డాక్టరుకి తగిన పనేనా అని మన సంఘంలో కొందరు పెద్దలు చాటుగానూ, ఒకరిద్దరు ఎదటనూ అంటున్నారు. వారితో నాకు పేచీ లేదు. తపాలా బిళ్ళలు దాచుకుంటే విద్వత్తు, జింకు బళ్ళు దాచుకుంటే చాదస్తం అనుకునేవారిని ఒప్పించడం నా వల్ల కాదు. నా పేచీ నాతోటి సేకర్తలతోనే. ద పాండ్స్ లోనూ, చుట్టుపక్కల పేటల్లోనూ మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఈ అద్దాల అలమారాలు కొన్ని చూశాను. అన్నింటిలోనూ ఒకటే అబద్ధం కొలువై ఉంది.

ముందు సరుకు సంగతి. జింకులో కాస్త అల్యూమినియం, మరికాస్త రాగి, మెగ్నీషియం కలిపి, కరిగించి, ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో కొట్టి పోత పోస్తారు. 1947లో లండనులో పుట్టిన లెస్నీ కంపెనీ 1953 నుంచి మ్యాచ్‌బాక్స్ పేరుతో అగ్గిపెట్టెల్లాంటి పెట్టెల్లో ఈ బళ్ళను ప్రపంచమంతా పంచిపెట్టింది. అదే కంపెనీ 1966లో ఫోర్డ్ గెలాక్సీ అచ్చుతో ఒక తెల్లబండి తీసి పోలీసు కారంది. అదే బండికి ఎర్రరంగు వేసి ఫైర్ చీఫ్ కారంది. అచ్చు ఒకటే, రాతలూ రంగూ వేరు. ఈ ముచ్చట మన సేకర్తలందరికీ కంఠోపాఠం. బండిని పోలీసు బండి చేసేది పైన రాసిన అక్షరాలూ, నెత్తిమీది దీపమూ అని వారికి గట్టి నమ్మకం. కాదంటాను నేను. పోలీసు బండిని పోలీసు బండి చేసేది వెనక సీటు. అందులో తనంతట తాను దిగలేని మనిషి కూర్చుంటాడు గనక.

మన అలమారాల్లో ఉన్నవేమిటి? నలభైమూడో వంతు, పద్ధెనిమిదో వంతు హైవే పెట్రోలు కార్లు. నీలం, తెలుపు గళ్ళ పట్టీ వేసుకున్న హోల్డెన్ కమడోర్లు, ఫోర్డ్ ఫాల్కన్లు. ఈ దేశంలో ఫాల్కన్ తయారీ 2016 అక్టోబరులో ఆగింది, కమడోర్‌ది మరుసటి ఏడు అక్టోబరులో ఆగింది. అప్పట్నుంచీ వీటిమీద మోజు మరీ ముదిరింది. 1979 నాటి మ్యాడ్ మ్యాక్స్ సినిమాలోని నల్ల ఫాల్కన్ ఉంటే ఆ ఇంటాయన నడకే వేరు! అన్నీ తరిమే బళ్ళు. పట్టుకున్నాక మనిషిని కుక్కి తీసుకుపోయే బండి, వెనక ఇనప పెట్టె బిగించిన బండి, మనం రోజూ స్కోఫీల్డ్స్ రోడ్డు మీద చూసే బండి, ఒక్క ఇంట్లోనూ కనబడలేదు.

అంచేత నేనే ఒకటి చేశాను. తెల్లటి యూట్ బొమ్మ కొని, వెనక భాగం రంపంతో కోసి, ప్లాస్టిక్ రేకుతో పెట్టె కట్టి, సన్న తీగతో కిటికీకి జాలీ అల్లాను. మొన్న ఉగాదికి ఒక సంఘం సభలో పిల్లలకోసం బొమ్మల బల్ల పెడుతున్నారంటే పట్టుకెళ్ళాను. కార్లన్నీ ఉంచి వ్యాను మాత్రం తీసెయ్యమన్నారు కార్యవర్గంవారు. పండగపూట ఖైదీల బండి ఏమిటి, పిల్లలు అడిగితే ఏం చెబుతాం అన్నారు.

ఏం చెప్పాలో నాకు తెలుసు. 2008 జనవరి 27న పశ్చిమ ఆస్ట్రేలియాలో వార్డ్ గారనే ఆదివాసీ పెద్దమనిషిని, తాగి బండి నడిపాడన్న నేరం మీద, లేవర్టన్ నుంచి కాల్‌గూర్లీకి సుమారు 360 కిలోమీటర్లు ఖైదీల వ్యానులో తరలించారు. (అది పోలీసుల బండి కాదు, ప్రైవేటు కాంట్రాక్టరు నడిపిన ప్రభుత్వ బండి అని నాకు గుర్తుచెయ్యబోయే మిత్రులు కాస్త ఆగండి; ఆయన్ని అరెస్టు చేసి అందులోకి అప్పగించింది పోలీసులే.) నడివేసవి. వెనక గదిలో ఏ.సి. పనిచెయ్యలేదు. ఆయన ఒంటి మీద కాలిన గాయం ఉంది, కాగిపోయిన ఇనప నేలకు తగిలి. వడదెబ్బతో పోయారు. ఆ జబ్బు నా వృత్తిలో నాకు తెలిసిందే. ముందు చెమట, దాహం. తరవాత తల తిరుగుడు, సంధి మాటలు. ఆ తరవాత మాట ఉండదు. ఏ దశలోనైనా తలుపు తీసి చూసి, నీళ్ళిచ్చి చల్లబరిస్తే మనిషి దక్కే అవకాశం ఉంది. తలుపు గడియ బయట ఉంది.

ఇది ఒక్క బండి కథ కాదు. నిర్బంధంలో ఆదివాసుల మరణాల మీద 1987లో వేసిన రాయల్ కమిషన్ 99 మరణాలు విచారించి 1991లో నివేదిక ఇచ్చింది. ఆ తరవాత జరిగినవి 500 దాటాయి. మనం ఇళ్ళు కట్టుకున్న ద పాండ్స్ దారుగ్ ప్రజల నేల అని సభ మొదట్లో మైకు ముందు చెప్పించి, వ్యాను బొమ్మను బల్లమీంచి తీయించడం ఏ మర్యాద?

పోనీ ఇది ఈ దేశం గొడవ అనుకుందాం. మనకి తెలియని బండా అది? 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీసుస్టేషను పేరు ఊరూరా మోగింది. రమీజాబీ మీద అత్యాచారం, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ చావు, ఊరంతా కర్ఫ్యూ. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చినా కోర్టులో వారికి శిక్ష పడలేదు. అంతకు మూడేళ్ళ ముందు ఎమర్జెన్సీలో ఏ రచయిత గుమ్మం ముందు జీపు ఆగిందో మన నాన్నలకు తెలుసు. అర్ధరాత్రి వీధిలో జీపు చప్పుడైతే దీపం ఆర్పి కూర్చున్న ఇళ్ళు మనవే. సముద్రం దాటి, పోలీసాయన 'గుడ్ డే డాక్టర్' అనేసరికి అదంతా మరిచిపోయాం.

పోలీసులు మనకు అక్కర్లేదా అని అడుగుతారు. ఎందుకక్కర్లేదు? 2009లో మెల్బోర్న్‌లో మన తెలుగు విద్యార్థిని స్క్రూడ్రైవరుతో తలలో పొడిచినప్పుడు, ఇక్కడ హారిస్ పార్కులో మన కుర్రాళ్ళు రోడ్డెక్కినప్పుడు, మనం కోరింది పోలీసుల రక్షణే. ఆ కారు రావాలనే నేనూ అంటాను. వచ్చాక వెనక సీట్లో ఎవరిని కూర్చోబెట్టారు, వారు ఎలా దిగారు అని అడిగే హక్కు కూడా కావాలంటున్నాను. మొదటిది అడిగి రెండోది అడగనివాడు రక్షణ కోరడం లేదు, తన ఒక్కడికీ మినహాయింపు కోరుతున్నాడు.

ఇక పిల్లల మాట. వాళ్ళు చంటివాళ్ళేం కాదు. బళ్ళో ఈ చరిత్ర చదువుతూనే ఉన్నారు. ఇంట్లో మనం దాస్తున్నామన్న సంగతే వాళ్ళకు కొత్త. నా వ్యాను బల్లమీద ఉన్న అరగంటలో ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె వచ్చి, జాలీలోంచి లోపలికి తొంగిచూసి, "అంకుల్, లోపల్నించి తలుపు ఎలా తీస్తారు?" అని అడిగింది. పక్కనున్న రెండువందల డాలర్ల కమడోరుని చూసి ఎవరూ ఏమీ అడగలేదు, ధర తప్ప.

దీపావళికి మళ్ళీ బల్ల పెడతారట. నా వ్యాను పొడవు పన్నెండు సెంటీమీటర్లు, పెద్ద చోటేం అక్కర్లేదు. పక్కన వార్డ్ గారి పేరూ, తేదీ, కిలోమీటర్లూ రాసిన అట్టముక్క ఒకటి ఉంటుంది. రెండూ కలిపి పెట్టనిస్తేనే నా కమడోర్లు వస్తాయి. కార్యవర్గంవారు జవాబు ఈ పత్రికలోనే రాయవచ్చు.