ఉత్తర్వు లేని ఉద్వాసన

హోసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడలో ఒక పర్మనెంటు కార్మికుణ్ణి తీసేయాలంటే యాజమాన్యం కనీసం ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. నోటీసు ఇవ్వాలి, పరిహారం లెక్క కట్టాలి, కార్మిక శాఖ పిలిస్తే వెళ్లి కూర్చోవాలి. ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీలో ఒక ఉద్యోగం మాయం కావడానికి ఇదేమీ అక్కర్లేదు. ప్రొఫెసరు రిటైరవుతారు. పోస్టు ఖాళీగా ఉండిపోతుంది. ఆ క్లాసులు గెస్ట్ లెక్చరర్‌కు వెళ్తాయి. ఆయనకు ఏడాదిలో పదకొండు నెలలే జీతం, మే నెలలో ఏమీ రాదు. జూన్‌లో పిలుపు వస్తే వచ్చినట్టు, రాకపోతే లేనట్టు. ఉద్యోగం పోయిందని ఏ రిజిస్టర్‌లోనూ నమోదు కాదు.

బ్రిటన్‌లో ఈ పని మరోలా జరుగుతుంది. డబ్బు చాలడం లేదంటూ కార్డిఫ్ విశ్వవిద్యాలయం 2025 జనవరిలో 400 ఉద్యోగాలు తగ్గిస్తానని ప్రకటించింది. అంకె బయటపడగానే అధ్యాపకుల సంఘం యూసీయూ దాన్ని పట్టుకుంది. సమ్మెకు సిద్ధమై, మే నెలకల్లా ఆ ఏడాది బలవంతపు తొలగింపులు ఉండవన్న హామీ రాబట్టింది. అక్కడి విశ్వవిద్యాలయాల కష్టాలకు విదేశీ విద్యార్థులు తగ్గడం ఒక కారణం. ఆ విశ్వవిద్యాలయాలు ఇన్నాళ్లూ లెక్కేసుకున్న ఫీజుల్లో మన తెలుగు ఊళ్లలో పొలాలమ్మి కట్టినవీ ఉన్నాయన్నది వేరే సంగతి. మన దగ్గర ఆ 400 అనే అంకెను ఎవరూ ప్రకటించరు. కిటుకంతా ఆ ప్రకటించకపోవడంలోనే ఉంది.

హోసూరు ఉన్న కృష్ణగిరి జిల్లాకు సొంత ప్రభుత్వ విశ్వవిద్యాలయం లేదు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీలు సేలంలోని పెరియార్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్నాయి. 1997లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి కొన్ని జిల్లాలను విడదీసి ఏర్పరచిన సంస్థ అది. ఇలాంటి విశ్వవిద్యాలయం బతికేది అఫిలియేషన్ ఫీజుల మీద, పరీక్ష ఫీజుల మీద, దూరవిద్య మీద. బర్గూరు నుంచో డెంకణికోట నుంచో డిగ్రీకి వచ్చే పిల్ల సెమిస్టరుకోసారి కట్టే పరీక్ష ఫీజు ఆ సేలం ఖజానాలో ఒక పాయ. ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు పెరగకుండా జీతాలు, పింఛన్లు పెరుగుతూ పోతే ఆ లోటు చివరికి ఆ పిల్ల మీదే పడుతుంది. ఈ లెక్క విద్యార్థులకు ఎవరూ చెప్పరు. ఉద్యోగ సంఘాలు కూడా చెప్పవు.

గ్రాంటు తగ్గితే ఏమవుతుందో మద్రాసు విశ్వవిద్యాలయం చూపించింది. 1857లో పుట్టిన సంస్థ అది. 2024 ఫిబ్రవరిలో ఆదాయపు పన్ను శాఖ దాని బ్యాంకు ఖాతాలను స్తంభింపజేసింది. బాకీ 424 కోట్ల రూపాయలన్నారు. విశ్వవిద్యాలయానికి పన్నేమిటని ఎవరైనా అడుగుతారు. చట్టం ప్రకారం ప్రభుత్వం గణనీయంగా నిధులిచ్చే విద్యాసంస్థకు మినహాయింపు ఉంది. గణనీయంగా అంటే రాబడిలో సగానికి పైగా అని నిబంధన. రాష్ట్రమిచ్చే గ్రాంటు సగానికి తక్కువైన సంవత్సరాలకు మినహాయింపు చెల్లదని ఆ శాఖ వాదన. రాష్ట్రం చెయ్యి బిగించింది. బిగించింది కాబట్టి ఇది సర్కారు సంస్థే కాదు పొమ్మని కేంద్రం పన్ను అడిగింది. ఈ రెండు చేతుల మధ్య జీతాలు, పింఛన్లు ఇరుక్కున్నాయి. అధ్యాపకులు, ఉద్యోగులు, పింఛనుదారులు ధర్నాకు కూర్చున్నారు. వైస్ చాన్సలర్ వచ్చి మాట్లాడదామంటే 2023 ఆగస్టు నుంచి ఆ కుర్చీయే ఖాళీ. గవర్నరుకూ ప్రభుత్వానికీ నియామకాధికారం మీద నడిచిన వివాదంలో ఒక కమిటీ సంతకాలు పెడుతూ వచ్చింది.

సొంతంగా సంపాదించుకోండని పైనుంచి చెప్పినప్పుడు విశ్వవిద్యాలయాలు ఏ దారి తొక్కుతాయో చూడాలంటే కృష్ణగిరికి కూతవేటు దూరంలోని కుప్పం వెళ్లాలి. ద్రావిడ విశ్వవిద్యాలయం కూడా 1997లోనే పుట్టింది. మూడు రాష్ట్రాలు కలిసే చోట తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ భాషలు ఒక్క ఆవరణలో చదువుకోవాలన్నది దాని ఆశయం. హోసూరు, శూలగిరి వైపు తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు పైచదువుల కోసం తెరుచుకున్న గుమ్మం. అంత మంచి ఆశయంతో పెట్టిన సంస్థ నడవడానికి డబ్బు ఎక్కడ వెతుక్కుంది? దూరవిద్యలో. పొరుగు రాష్ట్రాల నుంచి వేల మందిని ఎంఫిల్, పీహెచ్‌డీలకు చేర్చుకుంది. 2009లో యూజీసీ దూరవిద్య ద్వారా పరిశోధక పట్టాలు కూడవంది. 2013లో రాష్ట్ర విశ్వవిద్యాలయాలు తమ సరిహద్దు దాటి కేంద్రాలు నడపకూడదంది. రెండూ న్యాయమైన నిబంధనలే. అయితే ఆ రాబడి పోయిన చోట దాని స్థానంలో ప్రభుత్వం ఏమివ్వాలో ఏ నిబంధనా చెప్పలేదు.

చిదంబరంలోని అన్నామలై విశ్వవిద్యాలయానిదీ దూరవిద్య మీద పెరిగిన ఒళ్లే. 1929 నాటి ఆ సంస్థ కథ ఉద్యోగ సంఘాలు మళ్లీ మళ్లీ చదవాల్సినది. డబ్బు చాలడం లేదని, సిబ్బంది మితిమీరి ఉన్నారని 2012 చివర్లో యాజమాన్యం జీతాల కోతకు, తొలగింపులకు దిగబోయింది. సంఘాలన్నీ ఒక్కటై నిలబడ్డాయి. 2013లో ప్రభుత్వం పాలనాధికారిని నియమించి, ఆపైన చట్టం చేసి విశ్వవిద్యాలయాన్ని తన చేతిలోకి తీసుకుంది. వేల కుటుంబాలు రోడ్డున పడలేదు. ఇది నిజమైన విజయం, తక్కువ చేసి మాట్లాడటం తగదు.

కానీ మిగులు సిబ్బందిగా తేలిన అధ్యాపకులను తర్వాతి సంవత్సరాల్లో రాష్ట్రంలోని ప్రభుత్వ కాలేజీల ఖాళీల్లోకి పంపారు. ఆ మేరకు కొత్త నియామకాల అవసరం కాగితం మీద తగ్గింది. ఆ ఖాళీల్లో అప్పటికే పాఠాలు చెబుతున్నదెవరు? గెస్ట్ లెక్చరర్లు. ఒక సంఘం గెలిచిన ఉద్యోగ భద్రతకు ఖరీదు ఏ సంఘమూ లేనివాళ్లు కట్టారు. ఇందులో అన్నామలై అధ్యాపకుల తప్పేమీ లేదు. చిన్న దుప్పటిని అటు లాగితే ఇటు కాళ్లు బయటపడతాయి. దుప్పటి ఎందుకు చిన్నదైందని అడగాల్సినవాళ్లు అంచుల కోసం కొట్లాడుకుంటున్నారు.

తమిళనాడు ప్రభుత్వ ఆర్ట్స్, సైన్స్ కాలేజీల్లో గెస్ట్ లెక్చరర్లు ఏడు వేలకు పైనే. 2023లో పెంచాక వాళ్ల జీతం నెలకు 25,000 అయింది. యూజీసీ 2019లో చెప్పిన లెక్క క్లాసుకు 1,500, నెలకు 50,000 దాకా. అంటే సగం. 2024 మార్చిలో 4,000 అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, పరీక్ష వాయిదా పడింది. పదేళ్లుగా పాఠాలు చెబుతున్నవారికి ఆ వాయిదా మరో ఏడాది వయసు.

మరి వీళ్లు సంఘం పెట్టుకుని లేబర్ కోర్టుకు వెళ్లవచ్చు కదా? ఇక్కడే చట్టం ఒక వింత చేసింది. 1978లో బెంగళూరు నీటి సరఫరా కేసులో సుప్రీంకోర్టు విద్యాసంస్థను కూడా పరిశ్రమగా లెక్కించింది. 1988లో సుందరాంబాళ్ కేసులో ఉపాధ్యాయుడు మాత్రం పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికుడు కాడంది. ఆ తీర్పుల లెక్కన కాలేజీ పరిశ్రమే, అటెండరు కార్మికుడే, పాఠం చెప్పేవాడు కాడు. హోసూరులో ఫ్యాక్టరీ కార్మికుల తరఫున దశాబ్దాలుగా వాదించిన యూనియన్ వకీళ్లకు లెక్చరరు కేసు చేతికందదు. రిట్ పిటిషన్ పట్టుకుని మద్రాసు హైకోర్టుకు వెళ్లాలి. ఇరవై అయిదు వేల జీతంతో ఎన్నిసార్లు వెళ్తాడు?

ఆ దారిలో ఈమధ్య ఒక వెలుగైతే కనిపించింది. గుజరాత్ ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీల కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్లు నెలకు 30,000తో నెట్టుకొస్తుంటే, ఒకే పనికి ఒకే వేతనం సూత్రం కింద స్కేలు కనీస వేతనం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో తీర్పిచ్చింది. తెలంగాణలోనూ అదే ఏడాది ఉస్మానియా, కాకతీయ తదితర విశ్వవిద్యాలయాల కాంట్రాక్టు అధ్యాపకులు కొత్త నియామకాల జీవో 21ని వ్యతిరేకిస్తూ, తమను క్రమబద్ధీకరించాలంటూ రోడ్డెక్కారు.

సంఘాలు బలహీనంగా ఏమీ లేవు. సేలంలో పెరియార్ విశ్వవిద్యాలయం పేరుతో ఒక ప్రైవేటు సంస్థ ఏర్పాటు చేశారన్న వివాదాన్ని బయటకు లాగింది అక్కడి ఉద్యోగుల సంఘమే. ఆ సంఘం తరఫు ఫిర్యాదు మీద 2023 డిసెంబరులో అప్పటి వైస్ చాన్సలర్ అరెస్టయ్యారు, బెయిలు మీద విడుదలయ్యారు. నిజానిజాలు కోర్టు తేల్చాల్సినవి. 2025 అక్టోబరులో మరో గెలుపు. ఎయిడెడ్ కాలేజీలు కూడా ప్రైవేటు విశ్వవిద్యాలయాలుగా మారే వీలు కల్పిస్తూ తమిళనాడు శాసనసభ ఒక సవరణ బిల్లు ఆమోదించింది. వంద ఎకరాల భూమి ఉండాలన్న నిబంధనను కార్పొరేషన్లలో 25 ఎకరాలకు దించింది. హోసూరు 2019 నుంచి కార్పొరేషన్, అంటే ఆ బిల్లు అమలైతే ఇక్కడా 25 ఎకరాలుంటే సరిపోయేది. ఏయూటీ, మూటా వంటి అధ్యాపక సంఘాలు గట్టిగా ఎదురు తిరిగాయి. వారం పది రోజుల్లోనే ప్రభుత్వం వెనక్కి తగ్గి, బిల్లును మళ్లీ పరిశీలిస్తామంది.

చూడండి, ఈ గెలుపులన్నీ ఒక బిల్లో, ఒక ఉత్తర్వో, ఒక నియామకమో కళ్లెదుట ఉన్నప్పుడు వచ్చినవి. ఖాళీ పోస్టుకు ఉత్తర్వు ఉండదు, అందుకే దాని మీద సమ్మె ఉండదు. అందులోనూ మొదట ఎండిపోయేవి చిన్న సబ్జెక్టులు. 2006 నాటి తమిళ నిర్బంధ బోధన చట్టం తర్వాత హోసూరు ప్రాంతపు బడుల్లో తెలుగు చదివే పిల్లలు తగ్గారు. పిల్లలు తగ్గారు కనుక తెలుగు పోస్టు అవసరం లేదంటారు, పోస్టు లేదు కనుక పిల్లలు చేరరు. ఆ పోస్టు కోసం ధర్నా చేయడానికి అందులో ఎవరో ఒకరు ఉండాలి కదా.

ప్రతి జూన్‌లో ఒక్కో కాలేజీ మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని, గెస్ట్ లెక్చరర్లెందరు, కిందటేడు ఉండి ఈ ఏడు పిలవనివారెందరు అన్న పట్టిక నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఆ పక్కనే విశ్వవిద్యాలయం కిందటేడు వసూలు చేసిన పరీక్ష ఫీజు, రాష్ట్రమిచ్చిన గ్రాంటు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, సమాచార హక్కు దరఖాస్తు చాలు. కృష్ణగిరి పురుషుల కాలేజీ, మహిళల కాలేజీ, హోసూరు కాలేజీ: మొదలుపెట్టడానికి మూడు దరఖాస్తులు. వాటి మీద సంతకం పర్మనెంటు అధ్యాపకులు పెట్టాలి. గెస్ట్ లెక్చరరు పెడితే జూన్‌లో పిలుపు రాదు.