పెరటి పాడి: పిడికెడు తవుడు

ఏటేటా కార్తికమాసం కడపటి సోమవారం నాడు బెంగళూరు బసవనగుడిలో కడలెకాయి పరిషె జరుగుతుంది గదా. ఆ చుట్టుపట్ల వేరుశనగ చేలను ఒక ఎద్దు వచ్చి మేసిపోతూ ఉండేదనీ, రైతులు బసవన్నకు గుడి కట్టించి, తొలి పంట నీకే సమర్పిస్తామని మ్రొక్కుకొన్నారనీ అక్కడ చెప్పుకొనే కథ. కథ మాట ఎట్లున్నా అందులోని లోకజ్ఞానం గట్టిది. ఆ ఎద్దును వారు కర్రతో గాక కాయలతో మంచి చేసుకొన్నారు. ఈ నెల మేము చెప్పదలచినది ఆ సంగతే.

హోసకోట, మాలూరు, ఆనేకల్లు వైపు పల్లెల్లో పాడి పెట్టుకొన్న తెలుగు కుటుంబాలు నేటికీ ఎన్నో ఉన్నాయి. ఒక్క ఆవు, ఒక్క దూడతో ఇల్లు గడుపుకొనేవారూ ఉన్నారు. ఆ ఇండ్లలో తరచు వినబడే మాట ఒకటి ఉంది. “మా పెయ్య తొలిచూలు ఈనింది. పొదుగు మీద చెయ్యి వేయనివ్వదు, తంతుంది. అమ్మేద్దామనుకొంటున్నాము.” తన్నే ఆవుకు సంతలో ధర పలకదు. కొన్నవాడూ ఎక్కువ కాలం ఉంచుకోడు. అట్లా చేతులు మారిపోయే పశువు చివరికి ఎక్కడ తేలుతుందో చెప్పనక్కరలేదు. ఇటు ఇంట్లో పాలూ పోయె, పెట్టిన డబ్బూ పోయె. ఇంతకూ ఆ పశువు చేసిన తప్పేమిటి? మనిషి చెయ్యి మేలు చేసేదని దానికి ఎవరూ ముందుగా నేర్పకపోవడమే.

పశువు కండ్లు తలకు ఇరుప్రక్కలా ఉంటాయి. అందుచేత దానికి దాదాపు చుట్టూరా కనబడుతుంది గాని, సరిగ్గా వెనుక ఉన్నది కనబడదు. చప్పుడు లేకుండా వెనుకగా పోయి చెయ్యి వేస్తే తన్నక ఏం చేస్తుంది? అది పొగరు కాదు, బెదురు. బెదిరిన ఆవు చేపదు కూడా. 1941లో ఈలీ, పీటర్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అమెరికాలో ఈ సంగతి పరీక్షించి ప్రకటించారు. ఆవు వీపు మీద పిల్లిని పెట్టి, కాగితపు సంచులు ఢామ్మని పగులగొట్టి దాన్ని బెదరగొడితే పాలు దిగడం ఆగిపోయింది. పొదుగు నిమిరినప్పుడు నెత్తురులో ఆక్సిటోసిన్ అనే రసం చేరి పాలను దింపుతుంది. భయంలో పుట్టే అడ్రినలిన్ దానికి అడ్డు పడుతుంది.

మన అవ్వలకు ఈ పేర్లు తెలియవు. అయినా వారు తొట్టిలో కుడితి పోసి, గంగడోలు నిమిరి, “రా తల్లీ” అని పిలిచిన తరువాతనే చెంబు పట్టుకొని కూర్చునేవారు. ఈనాడు కొందరు ఆ ఆక్సిటోసిన్‌నే సూదిమందుగా పొడిచి పాలు దించుకొంటున్నారు. పాల కోసం పశువు ఆరోగ్యానికి హాని చేసే సూది వేయడం 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం 12వ సెక్షను ప్రకారం నేరం. పిడికెడు తవుడుతోనూ కొంచెం ఓర్పుతోనూ అయ్యే పనికి నేరమెందుకు?

పశువు జాతి అటువంటిది, మనమేం చేస్తాం అనేవారు మైసూరు సీమ అమృతమహల్ పశువులను తలచుకోవాలి. 17వ శతాబ్దం చివర చిక్కదేవరాజ ఒడెయరు కాలంలో ‘బెణ్ణె చావడి’గా మొదలైన మందకు టిప్పు సుల్తాను పెట్టిన పేరు అమృతమహల్. బయలు కావళ్లలో మేసి పెరిగిన ఆ పశువులు కొత్త మనిషిని దాపుకు రానీయవు. మొరటుగా పట్టుకొంటే మొండికేస్తాయి. ఓర్పుతో మచ్చిక చేసినవారికి బండి కింద అంత నమ్మకమైన జోడు మరి లేదని పేరు. అంతటి పశువే లొంగగా మన పెరటి పెయ్య లొంగదా?

ఇక పద్ధతి చెబుతాము. చూలు పెయ్యకు ఈనడానికి రెండు మూడు నెలల ముందే ప్రారంభించాలి. ఒకే గిన్నె, ఒకే పిలుపు, ఒకే వేళ పెట్టుకోవాలి. మొదటి నాలుగు రోజులు గిన్నెలో పిడికెడు తవుడో, నానబెట్టిన ఉలవలో వేసి, దాని ముందర పెట్టి, ప్రక్కకు జరిగి ఊరక నిలబడండి. గిన్నె చప్పుడుకే తల తిప్పి చూడడం మొదలుపెడితే సగం పని అయినట్లే. తరువాత గిన్నె చేతిలోనే పట్టుకొని తినిపించాలి. తింటూ ఉండగా రెండవ చెయ్యి మెడ క్రింద వేయాలి. పశువులు ఒకదానినొకటి నాకుకొనే చోటు అది. అక్కడ నిమిరితే మెడ చాచి ఇస్తాయి. అక్కడి నుంచి భుజం, వీపు, డొక్క, చివరకు పొదుగు. ఒక్క రోజులో ఒక్క జానెడు ముందుకు పోయినా చాలు. బెదిరితే మరునాడు ఒక మెట్టు వెనక్కు దిగి తిరిగి మొదలుపెట్టాలి. కేక వేయకూడదు, కొట్టకూడదు. వారం రోజుల తవుడు సంపాదించిన నమ్మకాన్ని ఒక్క దెబ్బ తుడిచిపెడుతుంది.

ఇందులో ముఖ్యమైన మర్మం ఒకటి ఉంది. పశువు నెమ్మదిగా నిలిచినప్పుడే గిన్నె అందాలి. తలతో నెట్టినప్పుడు, గిన్నె లాక్కోబోయినప్పుడు ఇస్తే నెట్టడమే నేర్చుకొంటుంది. అప్పుడు గిన్నె వెనక్కు తీసి, అది నిలిచిన తరువాతనే ఇవ్వాలి. కోడెదూడల విషయంలో మరీ జాగ్రత్త కావాలి. ముద్దుగా ఉందని పిల్లలు చేతితో తినిపిస్తూ, నుదురు నెట్టి ఆటలాడితే, రేపు కొమ్ములు వచ్చిన తరువాత కూడా అది ఆటే అనుకొంటుంది. మనిషంటే జంకు లేని ఆంబోతు బెదిరే ఆంబోతు కన్న ప్రమాదం. కోడెకు గిన్నెలోనే పెట్టాలి. నుదుటి మీద చెయ్యి వేయకూడదు.

ఎంత పెట్టాలని అడుగుతారు. పిడికెడు చాలు. బెల్లమైతే నిమ్మకాయంత. అదికూడా రోజువారీ దాణాలోనుంచి తీసి పెట్టవలసినదే గాని పైన అదనం కాదు. పశువు కడుపు గడ్డికి అలవాటుపడినది. ఒక్కసారిగా పిండి పదార్థం ఎక్కువైతే లోపల పులిసి, ఆమ్లం పుట్టి, ప్రాణం మీదికి వస్తుంది. పెండ్లిలో మిగిలిన అన్నం, పండుగ పొంగలి గంపతో తెచ్చి తొట్టిలో కుమ్మరించడం ప్రేమ అనిపించుకోదు. ఆవుకు అది విషంతో సమానం. బూజు పట్టిన వేరుశనగ చెక్కను కూడా ముట్టించకూడదు. ఆ బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం పాలలోకి దిగి మన పిల్లల గ్లాసులోకే వస్తుంది.

ఈ మచ్చిక ఫలం పాలతోనే ఆగదు. 2019 నుంచి ప్రభుత్వం దేశమంతటా గాలికుంటు టీకాలు వేయిస్తున్నది. ఇక్కడ కన్నడంలో దానినే కాలుబాయి జ్వర అంటారు. టీకా రోజున నలుగురు మనుషులు పలుపులు పట్టి లాగుతూ ఉంటే పశువు త్రెంచుకొని పారిపోవడం, “మా దానికి వద్దులెండి” అని ఇంటివారే వెనక్కు తగ్గడం పల్లెల్లో మామూలు. సూది తప్పిన పశువు వల్ల ఊరి మందకంతా ముప్పు. గిన్నె చప్పుడుకు నిలిచే పశువైతే ఒక మనిషి చాలు. సూది ముందు కొంచెం, సూది తరువాత కొంచెం పెడితే మరుసటి సారి వైద్యుణ్ణి చూచి పరుగెత్తదు. గిట్టలు చూడడానికీ, చెవి బిళ్ల వేయించడానికీ ఇదే ఉపాయం.

కనుమ నాడు కొమ్ములకు రంగులు పూసి, పొంగలి పెట్టి దండం పెట్టుకోవడం మన ఆచారం. మంచిదే. కాని ఏటికి ఒకనాడు చేసే పూజ కన్న దినదినం వేళ తప్పక అందే పిడికెడు తవుడుకే పశువు ఎక్కువ కట్టుబడుతుంది. ఇండ్లలో ఆ పని చేసేది ఎక్కువగా ఆడవారే గనుక ఈ మాట ముఖ్యంగా సోదరీమణులకు మనవి చేస్తున్నాము. మీ పెరట్లో తన్నే పెయ్య ఉంటే, సంతకు తోలించే ముందు ఒక్క నెల గడువు అడగండి. దాని ముందు గిన్నె పెట్టి చూడండి.