గోడ లేని దర్వాజా

మా దబీర్‌పురా దర్వాజా చూశారా? ఒకప్పుడు హైదరాబాదు నగరం చుట్టూ ఉన్న గోడకి 13 దర్వాజాలుండేవి. ఇప్పుడు మిగిలినవి రెండే: పురానాపూల్‌దీ, మాదీ. దర్వాజా ఉంది, గోడ లేదు. ఇంక ఆ దర్వాజా దేనికి కాపలా?

మా ఇంటి కారు షెడ్డూ అచ్చం అంతే! ముందు ఇనప షట్టరు, దానికి అరచెయ్యంత తాళంకప్ప. షెడ్డులోంచి వంటింట్లోకొచ్చే తలుపుకి మాత్రం చిటికెనవేలంత గడియ. "ముందు తాళం ఉందిగా, నీ చాదస్తం!" అంటారు మావారు. ఆ షట్టరైనా పగలంతా సగం ఎత్తే ఉంటుంది. దాని కిందనుంచి దూరడం పిల్లలకి ఆట. స్ప్రింగు తెగిందంటే షట్టరు ధన్‌మని కిందపడదూ?

చలికాలం పొద్దున్నే షట్టరు దించుకుని ఇంజను వేడిచేసే మహానుభావులూ ఉన్నారు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకి రంగు లేదు, వాసన లేదు. తలుపవతల కాఫీ కలుపుతున్న ఇల్లాలికి ఎలా తెలుస్తుంది? కారుకైతే బీమా ఉంది!

అమ్మా, షెడ్డంటే కారు గది కాదు, మనింటికి రెండో వీధివాకిలి. లోపలి తలుపు సందుల్లేకుండా గట్టిగా చేయించండి, రెండు గడియలు పెట్టించండి. షట్టరు ఎత్తితే పూర్తిగా ఎత్తాలి, దించితే పూర్తిగా దించాలి. ఇంజను వీధిలోనే వేడెక్కాలి. "డబ్బు దండగ" అన్నారా, కారు సీటు కవర్ల బిల్లు చూపించండి!

మావారు ఇంకా ఆలోచిస్తున్నారు. నేను మాత్రం వడ్రంగికి కబురు పెట్టేశాను.