మంచం పట్టినవారి రాత్రి

"మంచం పట్టాడు" అంటాం తెలుగులో. కాలేజీలో జాతీయాల పాఠం వచ్చినప్పుడల్లా ఈ మాట చెబుతూనే ఉంటాను. మా మామగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయాక, మనిషి మంచాన్ని పట్టడం కాదు, మంచమే మనిషిని పట్టుకుంటుందని ఇంట్లో అందరికీ తెలిసివచ్చింది.

ఆరోగ్యంగా ఉన్నవాడు నిద్రలో తనకు తెలియకుండానే ఎన్నోసార్లు ఒత్తిగిలుతాడు. ఒకేచోట బరువు ఆని ఉంటే నెత్తురు ఆడదు. ఒళ్ళు ఆ సంగతి చెబుతుంది, మనిషి పక్కకు తిరుగుతాడు. తిరగలేనివారికి నడుము కిందా, తుంటి దగ్గరా, మడమల దగ్గరా చర్మం ఎర్రబడి పుండవుతుంది. నిద్ర పట్టకపోతే ఒక బాధ, కదలకుండా నిద్రపోతే మరో బాధ!

ఈ చిక్కుకు ఉపాయాలు వెదకడం ఈనాటిది కాదు. 1832లో నీల్ ఆర్నట్ అనే స్కాట్లండు వైద్యుడు లండనులో ఒక తొట్టినిండా నీళ్ళు పోయించి, పైన రబ్బరు గుడ్డ పరిపించి, దానిమీద రోగిని పడుకోబెట్టాడు. నీళ్ళు బరువును ఒళ్ళంతటికీ సర్దుతాయి కదా. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రికి వచ్చిన లుడ్విగ్ గుట్‌మన్, వెన్నెముక దెబ్బతిన్నవారిని రాత్రింబవళ్ళు రెండేసి గంటలకొకసారి పక్కకు తిప్పించాడు. ఈనాటి గాలి పరుపు ఒక అరలో గాలి నింపి మరో అరలో తీస్తూ, ఒత్తిడి ఒకేచోట నిలవకుండా చూస్తుంది. అయినా మనిషిని తిప్పడం మానరాదు.

మేమూ గాలి పరుపు తెచ్చాం. పుండు పడలేదు గాని, మామగారికి నిద్రా పట్టలేదు. మోకాళ్ళు ఒకదానికొకటి ఒరుసుకొనేవి. పక్కకు తిప్పితే అరగంటలో వెల్లకిలా జారిపోయేవారు. మా ఆవిడ రాత్రికి నాలుగైదుసార్లు లేచేది.

మేముండేది పత్తర్‌గట్టి వెనక సందులో. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని బాగుచేసినప్పుడు కట్టిన ఆ రాతి కమానుల బజారు మీరు చూసే ఉంటారు. మా సందు మొగలో పరుపులూ దిండ్లూ కుట్టే ముసలాయన ఉన్నాడు. కొలతలు రాసుకుని వెళ్ళాను.

"కొలతలు తర్వాత, సాబ్. ముందు పెద్దాయన్ని చూడాలి. రాత్రి దుకాణం కట్టేసి వస్తా" అన్నాడు.

"పగలు రాకూడదా, భాయ్?"

"పగలు మీరు కూర్చోబెడతారు. పడుకునేది రాత్రి కదా, సాబ్!"

వచ్చి గంటసేపు మంచం పక్కన కూర్చున్నాడు. "ఎక్కడ ఒత్తుతోంది, పెద్దాయనా?" అని మామగారినే అడిగాడు. మాట సరిగా రాని ఆయన ఎడమచేత్తో చూపించారు. నాలుగోనాటికి మూడు దిండ్లు వచ్చాయి. వీపు జారకుండా ఆపే ముక్కోణపుది ఒకటి, మోకాళ్ళ మధ్యకు పలుచనిది ఒకటి, పిక్కల కిందికి పొడుగుది ఒకటి. మూడోదానితో మడమలు పరుపుకు ఆనడం మానాయి. మంచం కోడుకు ఒక గంట కట్టి, దాని తాడు మామగారి ఎడమచేతికి అందించాం. ఇప్పుడు మా ఆవిడ లేచేది రెండుసార్లే.

ఈ నగరంలోనే ఇంతకంటె పెద్ద ఉదాహరణ ఒకటుంది. అగ్ని క్షిపణి కోసం తయారైన తేలికపాటి పదార్థాన్ని నిమ్స్ ఎముకల డాక్టరొకరు చేత్తో ఎత్తి చూసి, అబ్దుల్ కలాంగారిని తన ఆసుపత్రికి తీసుకువెళ్ళారట. 3 కిలోలు దాటిన కాలిపర్లు ఈడ్చుకుంటూ నడిచే పిల్లలను అక్కడ చూపించారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయని కలాంగారే చెబుతూండేవారు. పదార్థం అంతకుముందే ఉంది. కావలసింది ఆ పిల్లలను కళ్ళారా చూడడం.

నడవలేని బాధ పగలే కనిపిస్తుంది. ఒత్తిగిలలేని బాధ అర్ధరాత్రిది. దాన్ని చూసేది ఇంటి ఆడవాళ్ళూ, ఆసుపత్రి నర్సులూను. రోగులకు పరికరాలు చేయబూనే మన ఇంజనీరింగు విద్యార్థులు ఒక్క రాత్రయినా వారి పక్కన కూర్చోవాలని నా కోరిక.

మీ ఇంట్లోనూ మంచం పట్టినవారుంటే, నడుమ చిల్లు ఉన్న గుండ్రటి దిండు కొనకండి. దాని అంచే నెత్తురును ఆపుతుంది. ఎర్రబడ్డ చోట రుద్దకండి, డాక్టరుకు చూపండి. ఏ దిండు ఎక్కడ పెట్టాలో మాత్రం మంచంమీది మనిషిని అడిగే పెట్టండి.