మామిడి తోటలో రాకెట్ సైన్స్

సంక్రాంతికి జి.కొండూరు వెళ్లేసరికి నాన్న మామిడి తోటలో మందు కొట్టిస్తున్నారు. పూత మీద తేనెమంచు పురుగు పడింది. మంచులా పడాల్సిన మందు గన్‌లోంచి ధారలా వస్తోంది. "నాజిల్ అరిగిపోయిందిరా, ఈ పూటకి కానిచ్చేద్దాం" అన్నారు నాన్న. నేనూ సరే అన్నా. సాయంత్రానికి ట్యాంకు ఖాళీ. మందు చాలావరకు నేలపాలు. పురుగు మాత్రం పూత మీదే ఉంది.

రాకెట్ ఇంజిన్‌కీ అసలు తలనొప్పి ఇదే: ధారని చుక్కలు చేయడం.

ఇంట్లో కుళాయి సన్నగా తిప్పి చూడండి. ధార కిందికొచ్చేసరికి ముత్యాల్లా విడిపోతుంది. తలతన్యత పని అది. దాని లెక్కని రేలీ అనే శాస్త్రవేత్త 1870ల చివర్లోనే తేల్చాడు. కానీ రాకెట్‌కి అంత టైమ్ ఉండదు. అందుకే ఇంజెక్టర్‌లో రెండు ధారల్ని ఏటవాలుగా ఢీకొట్టిస్తారు. అవి పల్చటి పొరై, పోగులై, చుక్కలైపోతాయి. లేదంటే ద్రవాన్ని గిర్రున తిప్పి గొడుగులా వదులుతారు. మన మందు గన్ నాజిల్‌లో ఉండే బిళ్ల చేసేదీ అదే.

చుక్క ఎందుకంత ముఖ్యం? మండేది ద్రవం కాదు, దాని ఆవిరి. చుక్క వ్యాసం సగమైతే ఒక్కటి ఎనిమిదవుతుంది, మొత్తం ఉపరితలం రెట్టింపవుతుంది. ఒక్కో చుక్క కాలే టైమ్ దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది.

అలాగని ఎంత సన్నగా ఉంటే అంత మంచిదని కాదు. తోటలో మరీ సన్నటి తుంపర గాలికి పోతుంది. ఇంజిన్‌లో చుక్కలు ఎక్కడ, ఎంత వేగంగా కాలాలన్న లెక్క తప్పితే పీడనం అలలా లేస్తుంది. ఆ అల మంటని రెచ్చగొడుతుంది, మంట అలని పెంచుతుంది. 1980 మే 23న యూరప్ ఏరియాన్ రాకెట్ రెండో ప్రయోగంలో జరిగిందదే. ఒక వైకింగ్ ఇంజిన్‌లో మంట అదుపు తప్పింది, రాకెట్ సముద్రంలో కూలిపోయింది.

ఇంజెక్టర్‌ని సరిచేశాక 1981 జూన్ 19న మూడో ప్రయోగం సక్సెస్. అందులో వెళ్లింది మన 'ఆపిల్' ఉపగ్రహమే! ఎద్దుల బండి మీద ఉన్న ఫొటో చూసే ఉంటారు. ఆ వైకింగ్ టెక్నాలజీతోనే మన వికాస్ ఇంజిన్ పుట్టింది. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3ని మోసుకెళ్లిన రాకెట్‌లో రెండు వికాస్ ఇంజిన్లున్నాయి.

మర్నాడు పొద్దున్నే మైలవరం వెళ్లి కొత్త నాజిల్ తెచ్చా. మళ్లీ మందు, మళ్లీ కూలి. ఈసారి ఆకు ఆకుకీ సన్నటి తడి.

రాకెట్ కథ చెబితే నాన్న నవ్వారు. "అయితే వాళ్లకీ ఇదే గోలన్నమాట!"

"వాళ్లకింకా కష్టం నాన్నా. ఎగిరాక నాజిల్ మార్చే ఛాన్స్ లేదుగా."