ఉదయపు కాఫీయు, మన్యపు గింజయు

కాఫీని నిందించుట తెలుగునాట చిరకాలముగా గౌరవప్రదమైన పనిగా చెల్లుచున్నది. ఆహార నియమములను గూర్చి ఉపన్యసించు పెద్దలలో దానిని ఒక్క మాటయైనను అనక వేదిక దిగువారు అరుదు. వేదిక దిగిన పిమ్మట వెనుక గదిలో ఆ మహాశయులకు మొట్టమొదట అందింపబడునది ఏదియో సభానిర్వాహకు లెఱుగుదురు. మేము నేడు కాఫీ పక్షమున వకాల్తా పుచ్చుకొనుచున్నాము. ఫీజు లేని వకాల్తా యగుటచే మా కక్షిదారుని లోపములను దాచవలసిన అగత్యము మాకు లేదు.

ప్రత్యర్థుల వాదము బలహీనమైనది కాదు. గాంధీ మహాత్ముడు 1942లో ఆగాఖాన్ భవనమున నిర్బంధమం దుండి ఆరోగ్యమును గూర్చి వ్రాసిన చిన్న పుస్తకములో టీ, కాఫీ, కోకోలలో ఏదియు దేహమునకు అవసరము కాదని తేల్చి చెప్పెను. అవసరము కాదనుమాట నిజమే. మల్లెపూవు అవసరమా? భోజనానంతరపు తాంబూలము అవసరమా? సంక్రాంతి ముగ్గు లేనంతమాత్రమున ఏ యింటి గోడయు కూలదు. అయినను ఇవి లేని యింటిలో కాపురము చేయుమన్నచో ఎవ్వరును సంతోషముగా ఒప్పుకొనరు. వైద్యుడు వలదన్నవారును, రాత్రి నిద్రపట్టనివారును కాఫీని మానవలసినదే. తక్కినవారు దినమునకు రెండు గ్లాసులు త్రాగినంతమాత్రమున సంసారములు వీధిన పడిన జాడ మాకు కనబడలేదు. సారాయి వ్యాజ్యములు మేము పెక్కు చూచితిమి. కాఫీ కొఱకు ఆలి మెడలోని పుస్తె కుదువబెట్టినవాడు ఒక్కడును మా యెదుటికి రాలేదు.

ఇక దాని సుఖమును గూర్చి చెప్పవలెను. తెల్లవారుజామున వీధి మేలుకొనక మునుపే ఫిల్టరు పై గిన్నెలో పొడి పోసి, చిల్లుల బిళ్లతో మెల్లగా అదిమి, సలసల కాగిన నీరు పోసి మూతపెట్టుదురు. అది మొదలు చేయవలసినది ఏమియు లేదు. డికాషన్ బొట్టు బొట్టుగా తన యిష్టము చొప్పున దిగును. మూత తట్టినను, గిన్నె నూపినను అది తొందరపడదు. పొడిని గట్టిగా అదిమినచో మరింత అలిగి కూర్చుండును. ఈ పావుగంట నిరీక్షణయే కాఫీలో సగము రుచి యని మా అభిప్రాయము. పాలు అప్పుడే పొంగవలెను. ఒకసారి కాచి చల్లార్చిన పాలను మరల వెచ్చజేసి పోసినచో డికాషన్ ఎంత చిక్కనిదైనను వ్యర్థము. ఆ మీద లోటాలో నుండి డబరాలోనికి ఎత్తి పోయగా పైకి వచ్చిన నురుగును చూచి ఆ యింటి సంగతి సగము చెప్పవచ్చును. ఆ గ్లాసు చేతబట్టి వార్తాపత్రిక విప్పువాని మనస్సులో రానున్న దినమును గూర్చి కొంత ధైర్యము పుట్టును.

కాని యిచ్చట ఒక మాట అడుగవలసియున్నది. ఆ డికాషన్ దింపినది ఎవరు? ఇంటి యజమాని మొదటి డికాషన్ కాఫీని పొగడుచు త్రాగును. అత్తమామలు, బిడ్డలు, అకాలమున వచ్చిన బంధువులు త్రాగుదురు. అందఱికి అందించిన పిదప, పొడిలో మరల నీరు పోసి దింపిన పలుచని రెండవ డికాషన్‌లో అడుగంటిన పాలు కలుపుకొని ఇల్లాలు నిలువుకాళ్ల మీద త్రాగును. ఇది ఏ శాస్త్రమందును విధింపబడలేదు. కాఫీ మన యిండ్లకు వచ్చినదే నిన్నమొన్న. దానికి సనాతన ధర్మమెక్కడిది? మొదట లేచినవారు ఫిల్టరు వేయుటయు, మొదటి డికాషన్ అందఱికి సమముగా పంచుటయు మేము కోరుచున్నాము. మగవాని చేతికి ఈ విద్య పట్టుబడుటకు వారము చాలును.

మన దేశమునకు ఈ గింజ అరబ్బుల నుండి వచ్చినది. పదునేడవ శతాబ్దమున బాబా బుడన్ అను ఫకీరు మక్కా యాత్ర నుండి మరలుచు ఏడు గింజలను దాచి తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటెనని ఐతిహ్యము. నేడు మన దేశపు పంటలో సుమారు నూటికి డెబ్బది పాళ్లు కర్ణాటకముననే పండుచున్నది. మొత్తము పంటలో అధికభాగము విదేశములకు పోవుచున్నది. మనకు మిగిలినదానిలో చికోరి కలియుచున్నది. చికోరి విషము కాదు, ఒక వేరు మాత్రమే. చిక్కదనమునకై దానిని కోరి కలుపుకొనువారిని మేము తప్పుపట్టము. కాని తెలిసి కొనుట వేఱు, తెలియక మోసపోవుట వేఱు. ఆహార భద్రతా నిబంధనల ప్రకారము కాఫీ చికోరి మిశ్రమములో కాఫీ నూటికి 51 పాళ్లకు తగ్గరాదు. ఏది యెంత కలిపిరో పొట్లము మీద వ్రాయవలెను. వ్రాయుచున్నారు, కాని ఆ యక్షరములు చదువుటకు భూతద్దము కావలెను. పత్రికలోని చిన్న యక్షరములను సైతము విడువక చదువు మన పఠనమందిరపు మిత్రులు ఈ పొట్లమును కూడ ఒక్కసారి చదువవలెనని మనవి.

ఇంటిని దాటి హోటలునకు వచ్చినచో, అచ్చట కాఫీ చేసిన మేలును, దాని పేర జరిగిన కీడును రెండును కనబడును. వెనుకటి కాలమున కులపు పేరు పలకపై వ్రాసికొన్న కాఫీ హోటళ్లు మన పట్టణములలో వెలసెను. డబ్బులు అందఱివద్దను పుచ్చుకొనుచు, కూర్చుండు తావులను మాత్రము కులమునుబట్టి నిర్ణయించిరి. చెన్నపట్టణపు తిరువల్లిక్కేణిలో ఒక హోటలు పలక మీది అట్టి పేరును తొలగింపజేయుటకు 1957లో పెరియారు అనుయాయులు ఆందోళన సల్పవలసివచ్చెను. చిత్రమేమన, ఆ 1957వ సంవత్సరముననే కాఫీ బోర్డు మూసివేసిన కాఫీ హౌసులలోని పనివారు, ఏ.కె. గోపాలన్ ప్రోత్సాహమున, సహకార సంఘములుగా ఏర్పడి వానిని తామే నడపుటకు పూనుకొనిరి. ఒకే సంవత్సరమున, ఒకే పానీయము చుట్టును, ఒకచోట కులము పలకనంటి కూర్చుండెను. వేఱొకచోట వడ్డించువాడే యజమాని యయ్యెను.

మన పల్లెలలోని రెండు గ్లాసుల పద్ధతిని ఎఱుగనివారు లేరు. దళితునికి గూటిలో వేఱుగా నుంచిన గ్లాసు, త్రాగిన పిదప తానే కడిగిపెట్టవలసిన గ్లాసు. రాజ్యాంగపు 15వ అధికరణము దుకాణములను, హోటళ్లను పేర్కొని మరీ అట్టి భేదమును నిషేధించినది; 1955వ సంవత్సరపు చట్టము హోటలులోని పాత్రలను వాడనీయకపోవుటను సైతము శిక్షార్హమైన నేరము చేసినది. పాత్ర అను మాటను చట్టములో వ్రాయవలసివచ్చినదనగా మన సంఘముయొక్క స్థితి యెట్టిదో ఊహించుకొనవచ్చును. కాగితపు గ్లాసులు వచ్చి ఈ చిక్కును కొంత కప్పిపుచ్చినవి. అవి అందఱికి ఒక్కటే గదా యని కొందఱు సంతసింతురు. కడిగిన స్టీలు గ్లాసు అందఱి చేతికి ఒకే వరుసలో వచ్చిననాడే ఆ సంతోషమునకు అర్థము కలదు.

ఇక అసలు విషయము. విశాఖ మన్యమున, 2022లో అల్లూరి సీతారామరాజు పేర వెలసిన జిల్లాలో, సుమారు మూడువేల అడుగుల యెత్తున సిల్వరుఓకు చెట్ల నీడను లక్ష యెకరములకు పైబడి కాఫీ తోటలు కలవు. ఆ చెట్లకే మిరియపు తీగ ప్రాకును. 1922 మొదలు 1924 వఱకు సాగిన మన్యపు తిరుగుబాటునకు కారణములలో పోడు వ్యవసాయముపై అడవి చట్టముల నిర్బంధము ఒకటి. ఆ పోడును మాన్పించు తలంపుతోనే 1960 తరువాతి సంవత్సరములలో అటవీశాఖ కాఫీ తోటలు వేయించెను. గిరిజనులు మొదట ఆ తోటలలో కూలీలు. తరువాత పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, కాఫీ బోర్డు తోడ్పాటుతో తమ చిన్న చిన్న చెలకలలో తామే పండించుకొనుచున్నారు. పండిన యెఱ్ఱని కాయను మాత్రమే ఏరి కోయవలెను. కోసిన దినముననే తోలు తీసి, కడిగి, ఎండబెట్టవలెను. ఒక్కొక్క కొమ్మ వద్దకు మరల మరల పోవలెను. మన పావుగంట నిరీక్షణకు వెనుక వారి సంవత్సరపు నిరీక్షణ కలదు.

ఆ గింజ 2017లో పారిస్ నగరమున అరకు పేర దుకాణమై వెలసినది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందినది. పారిస్ వాసులు మెచ్చుకొనిరని మనము గర్వించితిమి. మంచిదే. కాని బెజవాడలో, గుంటూరులో, ఏలూరులో ఎన్ని యిండ్ల ఫిల్టరులో ఆ పొడి పడుచున్నది? పరదేశి పొగడిన పిదపగాని మన పెరటి చెట్టు మనకు మందుగా తోచదు. (తెలంగాణ సోదరులు ఇరానీ చాయను విడిచి రారని యెఱుగుదుము, వారిని బలవంతపెట్టుట మా యుద్దేశము కాదు.)

ఆ కొండలలోనే బాక్సైటు కలదు. 2015లో దాని త్రవ్వకమునకై అటవీభూమిని మళ్లించు ఉత్తర్వు వెలువడగా గిరిజనులు తీవ్రముగా ఎదిరించిరి. 2019లో అది రద్దు చేయబడెను. 1970వ సంవత్సరపు మొదటి రెగ్యులేషనును, 1997లో సమత వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఇచ్చిన తీర్పును వారి భూమికి రక్షణగా నిలిచియున్నవి. కాని చట్టము కాగితము మీద నుండును. భూమిని పట్టి నిలుపునది దాని మీది పంట. కాఫీ గిట్టుబాటైనచో గిరిజనుడు కొండను విడువడు. సంతలో దళారి ముందుగా బయానా ఇచ్చి కాయను చౌకకు కొట్టివేసినచో, వాని చేతిలో హక్కుపత్రము ఉండియు లేనట్లే. 2025లో కాయతొలుచు పురుగు ఆ తోటలలో తొలిసారి కనబడుట మరియొక దిగులు. అట్టి సంవత్సరమున తోట మానుకొనకుండ వారిని నిలుపునది స్థిరముగా కొనువారి సంఖ్యయే.

మేము కోరునది పెద్ద త్యాగమేమియు కాదు. గిరిజన సహకార సంస్థ దుకాణములలో అరకు కాఫీ పొడి దొరకును. రైతుల సహకార సంఘముల సరకును అమ్ము వర్తకులును కలరు. ఆ గింజ మృదువైనది. చికోరి చేదునకు అలవడిన నాలుకకు మొదటి రెండు మూడు దినములు పలుచగా తోచును. పొడి ఒక చెంచా హెచ్చుగా వేసి, నీరు కొంచెము తగ్గించినచో ఆ కొఱత తీరును. మన్యమున కాయకోత కార్తీకమున మొదలగును. గింజ యెండి, వేగి, పట్టణములకు చేరుసరికి ఫాల్గుణము వచ్చును. వార్షికోత్సవములకు బస్తాలకొలది కాఫీ ఖర్చుచేయు పఠనమందిరముల కార్యదర్శులు, ఈ సంవత్సరపు పొడి ఎచ్చటనుండి తెప్పింపవలెనో ఆలోపుననే తమ కార్యవర్గము ముందుంచి తీర్మానింపవచ్చును.